కిషినావ్‌లో ఉక్రెయిన్ శరణార్థుల మధ్య ఏడాది సేవ: అక్కడ రోజులు ఎలా గడుస్తాయి?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న చదివాను. మీది నల్గొండ, వయసు 22. ఒక మిషన్ సంస్థ మిమ్మల్ని ఏడాదిపాటు మాల్డోవా రాజధాని కిషినావ్‌కు పంపుతోంది. అక్కడ రష్యన్, ఉక్రెయినియన్ మాట్లాడే శరణార్థుల మధ్య సేవ. రోజు ఎలా గడుస్తుంది, ఏ భాష నేర్చుకోవాలి, తిండి, చలి తట్టుకోగలనా, ప్రసంగాలు ఎలా తయారు చేసుకోవాలి అని అడిగారు. యుద్ధానికి ముందు నేను ఉక్రెయిన్‌లోని జపొరీజియాలో కొన్నేళ్లు ఉన్నాను, ఆ తర్వాత కిషినావ్‌లో ఇదే పనిలో ఉన్నాను. అందుకే కాస్త పెద్ద సమాధానం రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు చివర్లో అడిగినదానికి ముందు చెప్తాను. ప్రసంగాలు తయారు చేసుకోనక్కర్లేదు. మొదటి ఆరు నెలలు మిమ్మల్ని ఎవరూ వాక్యం చెప్పమని అడగరు. అడగకపోవడమే మంచిది కూడా. భాష రానివాడు దుబాసీని పెట్టుకుని, ఇల్లూ ఊరూ పోగొట్టుకున్న వాళ్లకు కష్టాల్లో సహనం గురించి చెప్తే వినడానికి వాళ్లకు మొహమాటం, చెప్పడానికి మనకు సిగ్గు ఉండాలి. మిమ్మల్ని పంపుతున్నది ఎక్కువగా మోయడానికి, వినడానికి, టీ తాగడానికి. ఇది తక్కువ పని అనిపిస్తే ఇప్పుడే మీ పాస్టర్‌గారితో మాట్లాడుకోండి.

మామూలు రోజు ఇలా ఉంటుంది. పొద్దున్నే ఫ్లాట్‌లో మీతో ఉండే మిగతా కుర్రాళ్లతో కలిసి ప్రార్థన. ఒకరిది బ్రెజిల్ కావచ్చు, ఒకరిది జర్మనీ కావచ్చు, వంట వంతులవారీగా చేసుకుంటారు. తర్వాత భాష క్లాసు. అది అయ్యాక గోడౌన్. పిండి, నూనె, పాస్తా, డబ్బా మాంసం, పిల్లల డైపర్లు వ్యాన్‌లోంచి దించాలి, సంచుల్లో సర్దాలి, జాబితాలో పేర్లకు టిక్ పెట్టాలి. మధ్యాహ్నం నుంచి ఇళ్లకు మోసుకెళ్లడం. సోవియట్ కాలంలో కట్టిన ఐదంతస్తుల బిల్డింగులకు లిఫ్ట్ ఉండదు, ముసలివాళ్లు మాత్రం ఎందుకో ఎప్పుడూ ఐదో అంతస్తులోనే ఉంటారు. సాయంత్రం పిల్లల క్లబ్ లేదా ఇంగ్లిష్ క్లాసు. మీరు బాగా పనికొచ్చేది నిజానికి ఇక్కడే. జర్మనీకో కెనడాకో వెళ్లాలనుకునే తల్లులు, కిషినావ్ స్కూల్లో భాష అర్థంకాక తిప్పలుపడే పిల్లలు మీ ఇంగ్లిష్ కోసం వస్తారు. మన యాసతో ఏ ఇబ్బందీ లేదు, టెన్షన్ పడకండి.

సంచి ఇచ్చేసి వచ్చేద్దాం అంటే కుదరదు. తలుపు దగ్గర బూట్లు విప్పించి, ఇంట్లో వేసుకునే చెప్పులు కాళ్ల ముందు పెడతారు, వంటింట్లో కూర్చోబెడతారు. అక్కడ మాటలన్నీ వంటింటి బల్ల దగ్గరే. హాల్లో కూర్చోబెట్టారంటే మీరు ఇంకా పరాయివాళ్లే అనుకోండి. టీ, బిస్కెట్లు, ఊరగాయ కీరా, ఇంట్లో ఏది ఉంటే అది వస్తుంది. మీరు తెచ్చిచ్చిన సంచిలోని బిస్కెట్ ప్యాకెట్టే విప్పి మీ ముందు పెట్టినా వద్దనకండి. సాయం తీసుకునే చెయ్యిగానే ఉండిపోవడం వాళ్లకు చాలా బాధ, ఆ ఒక్క కప్పు టీతో లెక్క సరిచేసుకుంటారు. మామూలుగా ఎవరింటికి పిలిచినా చాక్లెట్లో, చిన్న కేకో పట్టుకెళ్లాలి. పూలు తీసుకెళ్తే బేసి సంఖ్యలో ఉండాలి, సరిసంఖ్య పూలు చావు ఇంటికి. గడప మీదుగా షేక్‌హ్యాండ్ ఇవ్వకూడదు. ఇంట్లో ఈల వేస్తే డబ్బు పోతుందంటారు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందు చెప్తే కంగారుపడతారు. ఇవన్నీ నమ్మనివాళ్లు కూడా పాటిస్తారు.

ఇక మన అలవాట్ల గురించి కాస్త కఠినంగా చెప్పాలి. మన దగ్గర చీరలు పంచినా, దుప్పట్లు పంచినా వెనక ఫ్లెక్సీ కట్టి, తీసుకునేవాళ్లను వరసగా నిలబెట్టి ఫొటో తీసి, సాయంత్రానికి యూట్యూబ్‌లో పెడతారు. అక్కడ ఆ పని చేయకండి. ఆ వరసలో నిలబడ్డ ఆమె మొన్నటిదాకా ఉక్రెయిన్‌లోని హెర్సోన్‌లో లెక్కల టీచరు కావచ్చు, మికొలాయివ్‌లో నర్సు కావచ్చు. పిండి సంచితో ఆమె ఫొటో ఆమె పాత విద్యార్థులు చూడటం అవసరమా? పైగా కొందరి భర్తలు సైన్యంలో ఉంటారు, కొందరి తల్లిదండ్రులు ఆక్రమణలో ఉన్న ఊళ్లలో ఉంటారు. ఒక్క ఫొటో వాళ్ల ప్రాణం మీదికి తేవచ్చు. కానుకలు పంపేవాళ్లకు రిపోర్టు కావాలంటే గోడౌన్‌లో సంచుల ఫొటో తీసి పంపండి. అలాగే ప్రార్థన కూటానికి వస్తేనే సరుకులు అన్న షరతు ఎవరు పెట్టినా మీరు ఒప్పుకోవద్దు. పైకి ఎవరూ అలా అనరు, కానీ పంపిణీ సమయాన్ని కూటం అయిపోయాకే పెట్టడం కూడా షరతే.

ఇంకొకటి. మనం పరిచయమైన ఐదు నిమిషాల్లో "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడిగేస్తాం. అక్కడ ఆ ప్రశ్న వద్దు. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన రోజే మార్షల్ లా పెట్టి, 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లను దేశం దాటనివ్వలేదు. 2025 ఆగస్టులో 18 నుంచి 22 ఏళ్లవాళ్లకు మాత్రం సడలించారు. అందుకే శరణార్థుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. భర్త ఉన్నాడో లేడో, దొరికాడో లేదో వాళ్లు చెప్తే వినాలి. "ఇల్లు బాగానే ఉందా?" అన్న ప్రశ్న కూడా అంతే. "అంతా దేవుని చిత్తం" అన్న మాటైతే అస్సలు అనకండి. అది వాళ్లు అనుకుంటే విశ్వాసం, మనం అంటే ఇంకోలా ఉంటుంది.

చాలామంది తమ ఫోన్లో సొంత ఊరి వైమానిక హెచ్చరిక యాప్ తీసేయకుండా ఉంచుకుంటారు. బైబిల్ స్టడీ మధ్యలో ఒక్కసారిగా సైరన్ మోగుతుంది. కిషినావ్‌లో ఏమీ కాలేదు, ఒడెసాలోనో హార్కివ్‌లోనో మోగిన సైరన్ అది. అప్పుడు పాఠం ఆపండి. వాళ్లు ఇంటికి మెసేజ్ పెట్టి, జవాబు వచ్చేదాకా ఆగండి. మొదట్లో మీకు గుండె దడ వస్తుంది, కొన్నాళ్లకు మీకూ ఆ ఊళ్ల పేర్లు చుట్టాల ఊళ్లలా అయిపోతాయి.

భాష విషయానికి వద్దాం. కిషినావ్‌లో మూడు భాషలు నడుస్తాయి. దేశభాష రొమేనియన్. బజార్లో, ట్రాలీబస్సులో రష్యన్ బాగా నడుస్తుంది. శరణార్థుల్లో ఒడెసా, మికొలాయివ్, హెర్సోన్ వైపువాళ్లు ఎక్కువగా రష్యన్ మాట్లాడుతూ పెరిగినవాళ్లే. కానీ 2022 తర్వాత వాళ్లలో చాలామంది పట్టుబట్టి ఉక్రెయినియన్‌కు మారారు. కొందరు ఇంట్లో రష్యన్, బయట ఉక్రెయినియన్ మాట్లాడతారు. కొందరికి రష్యన్ వింటేనే మనసు విరిగిపోతుంది. కొందరు ముసలమ్మలు "నా భాషను ఆ పుతిన్‌కు ఎందుకు వదిలేయాలి?" అని రష్యన్‌లోనే వాదిస్తారు. ఇందులో మీరు తీర్పరి కావద్దు. ఎదుటివాళ్లు ఏ భాషలో పలకరిస్తే అందులోనే బదులివ్వండి, అనుమానంగా ఉంటే అడగండి. నా సలహా అయితే వెళ్లేముందు ఉక్రెయినియన్‌తోనే మొదలుపెట్టండి. మీరు తడబడుతూ మాట్లాడే నాలుగు ముక్కలకు ఇంటి తలుపు తెరుచుకుంటుంది. రష్యన్ ఎలాగూ చెవిన పడుతూనే ఉంటుంది, రెంటికీ దగ్గర చుట్టరికం కాబట్టి అర్థం చేసుకోవడం అబ్బుతుంది. ఊళ్ల పేర్లు మాత్రం వాళ్లు పలికినట్టే పలకండి, కీవ్‌ను రష్యన్ పద్ధతిలో కియెవ్ అనకండి.

రెండు భాషలకూ 33 అక్షరాలే. చదవడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. తెలుగువాళ్లకు విభక్తుల భయం ఉండనక్కర్లేదు, రష్యన్‌లో ఆరు, ఉక్రెయినియన్‌లో సంబోధనతో కలిపి ఏడు. మనం ఎనిమిదింటితో పెరిగినవాళ్లం. ఇంగ్లిష్ కుర్రాళ్లు నామవాచకాల చివరలు మారడం చూసి తలపట్టుకుంటుంటే మీకు అదేమీ వింతగా ఉండదు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది, పెద్దవాళ్లతో మీరే. ఇబ్బంది పెట్టేది క్రియ. పని పూర్తయిందా, సాగుతోందా అన్నదాన్ని బట్టి క్రియ జంటలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. అది పుస్తకంతో రాదు, పిల్లల క్లబ్‌లో వస్తుంది. పిల్లలు మీ తప్పులకు పగలబడి నవ్వుతారు, నవ్వనివ్వండి. వయసులో పెద్దవాళ్లను ఒట్టి పేరుతో పిలవకూడదు, పేరు పక్కన తండ్రి పేరుతో కలిపి పిలవాలి. హలీనా తండ్రి పేరు పెత్రో అయితే ఆమె హలీనా పెత్రివ్నా. రష్యన్‌లో అయితే గలీనా పెత్రోవ్నా. సంఘంలో మాత్రం మనలాగే బ్రదర్, సిస్టర్.

సంఘం గురించి మీరు అడగలేదు కానీ, మీకు అన్నిటికంటే కొత్తగా అనిపించేది అదే. పాతకాలపు బాప్టిస్టు సంఘాల్లో డప్పు, చప్పట్లు ఉండవు. నాలుగు గొంతుల క్వయర్ ఉంటుంది, మధ్యలో ఎవరో లేచి పద్యం చదువుతారు, ఒక్క ఆరాధనలో ఇద్దరు ముగ్గురు వాక్యం చెప్తారు. పెళ్లయిన ఆడవాళ్లు తలకు రుమాలు కట్టుకుంటారు. ప్రార్థనకు లేచి నిలబడతారు లేదా మోకరిస్తారు. గొంతెత్తి మైకులో ప్రార్థించే మన పద్ధతి వాళ్లకు గాభరా పుట్టిస్తుంది. వాళ్లలో పరిశుద్ధాత్మ లేదనుకోకండి. ఆ ముందు వరసలో కూర్చున్న తాతల చిన్నప్పుడు, 1960ల్లో, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ప్రభుత్వం పిల్లలను ఆరాధనకు రానివ్వకుండా ఒత్తిడి తెచ్చింది. రిజిస్టర్ చేయించుకోని సంఘాల పాస్టర్లు జైళ్లలో గడిపారు. నెమ్మదిగా పాడటం వాళ్లకు అలా అలవాటైంది. సారా, సిగరెట్ ముట్టరు. బయట మాల్డోవాలో మాత్రం ప్రతి ఇంట్లో సొంత ద్రాక్షసారా ఉంటుంది, ఆర్థడాక్స్ పొరుగాయన గ్లాసు పోసి మీ ముందు పెడతాడు. నవ్వుతూ కాంపోట్ అడగండి. ఉడికించిన పళ్ల రసం అది, ఎవరూ ఏమీ అనుకోరు.

కొత్తగా వచ్చిన అతిథిని లేపి, మీ సంఘం తరఫున వందనాలు చెప్పమంటారు. అప్పుడు మీరు చెప్పాల్సిన కథ ఒకటుంది. నల్గొండవాళ్లు మీరు, బహుశా సగమే తెలిసుంటుంది. 1889లో అబ్రహాం ఫ్రీసెన్, మరియా అనే దంపతులు దక్షిణ రష్యా నుంచి నిజాం రాజ్యానికి వచ్చారు. 1890లో నల్గొండలో స్థిరపడి, అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్‌తో కలిసి పనిచేశారు. వాళ్లను పంపింది మొలోచ్నా కాలనీల మెన్నొనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ సంఘం. అప్పట్లో దక్షిణ రష్యా అన్న ఆ చోటు ఇప్పటి ఉక్రెయిన్‌లోని జపొరీజియా ప్రాంతం, తోక్మాక్ ఊరి పక్కన. వాళ్లు మాట్లాడింది జర్మన్ అనుకోండి, అయినా ఊరు ఆ ఊరే. ఇంకా విశేషం ఏమిటంటే, 1869లో యెఫీమ్ త్సింబల్ అనే ఉక్రెయిన్ రైతుకు బాప్తిస్మం ఇచ్చింది కూడా అదే మెన్నొనైట్ బ్రదరన్ సేవకుల్లో ఒకాయన. ఉక్రెయిన్ బాప్టిస్టుల్లో చాలామంది తమ చరిత్రను అక్కడినుంచే లెక్కపెట్టుకుంటారు. అంటే మీ సంఘానికీ వాళ్ల సంఘానికీ విత్తనం ఒకే శాఖ నుంచి వచ్చింది. తోక్మాక్ ఇప్పుడు రష్యా సైన్యం చేతిలో ఉంది. ఆ వైపునుంచి వచ్చినవాళ్లు కిషినావ్ సంఘాల్లో తారసపడవచ్చు. "మీ ఊరివాళ్లు మా ఊరికి వచ్చారు, ఇప్పుడు మేం వచ్చాం" అని చెప్పండి, రాని భాషలోనే చెప్పండి. ఏ ప్రసంగమూ అంత పనిచేయదు.

పండుగల్లో మీకు ఇంటిని గుర్తుచేసేది కోత పండుగ. సెప్టెంబర్, అక్టోబర్‌లో ప్రసంగ వేదిక ముందు గుమ్మడికాయలు, ద్రాక్షగుత్తులు, రొట్టెలు పేరుస్తారు, తర్వాత అందరూ కలిసి భోజనం. క్రిస్మస్ కొంచెం గందరగోళం. ఉక్రెయిన్ 2023లో అధికారికంగా డిసెంబర్ 25కు మారింది, మాల్డోవాలో డిసెంబర్ 25, జనవరి 7 రెండూ సెలవులే. ఈస్టర్ మాత్రం ఎక్కువమంది పాత లెక్క ప్రకారమే చేస్తారు. 2025లో రెండు లెక్కలూ ఏప్రిల్ 20కి కలిశాయి, 2026లో వారం తేడా. ఈస్టర్ అయిన వారానికి మాల్డోవా అంతా సమాధుల దగ్గరికి వెళ్తుంది, అక్కడే తింటారు, పంచుతారు. శరణార్థులకు ఆ రోజు కష్టంగా గడుస్తుంది, వాళ్ల సమాధులు సరిహద్దు అవతల ఉన్నాయి కదా. ఆ రోజు ఎవరింట్లోనైనా ఉండేలా చూసుకోండి.

తిండికి దిగులు లేదు. మాల్డోవా మమలీగా అచ్చంగా మన జొన్న సంకటిలాంటిదే, మొక్కజొన్న పిండితో చేస్తారు, పక్కన గొర్రె పాల జున్ను, వేయించిన మాంసం పెడతారు. ఉక్రెయిన్ ఇళ్లలో బోర్ష్ అనే బీట్‌రూట్ సూప్, ఉడికించిన బక్‌వీట్ గింజలు, బంగాళాదుంప కూరిన వరేనికి అనే కుడుములు. అన్నిటి మీదా సోయకూర, మీగడ. కారం అంటే వాళ్ల లెక్కలో మిరియాల పొడి. నాలుక చచ్చిపోయినప్పుడు బజార్లో కొరియన్ క్యారెట్ అని అమ్ముతారు, వెల్లుల్లి, మిరపకారం వేసి ఊరబెట్టింది, అది కొనుక్కోండి. మీరు శాకాహారం పాటించే రోజులుంటే, ఆర్థడాక్స్ ఉపవాస కాలంలో హోటళ్లలో మాంసం, పాలు లేని వంటల జాబితా వేరే పెడతారు. సాలో అని ఉప్పువేసిన పంది కొవ్వు ముక్కలు ప్రేమగా పెడతారు, ఒక్కటి తిని చూడండి. నాకైతే చివరిదాకా అలవాటు కాలేదు, కానీ వాళ్లు మన గోంగూరను కూడా అలాగే చూశారు.

చలి సంగతి అందరూ భయపెట్టేంత లేదు. కిషినావ్ జనవరిలో సున్నాకు కాస్త అటూ ఇటూ, కొన్ని రాత్రులు మైనస్ పది దాటుతుంది. అసలు ఇబ్బంది చీకటి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, నెలరోజులు మబ్బు. మనసు దిగులు పడేది అప్పుడే, మూడో నాలుగో నెల. భాష ఎక్కడిదక్కడే ఆగినట్టుంటుంది, ఇంట్లో పెళ్లిళ్ల ఫొటోలు వస్తుంటాయి. ఆ రోజుల్లో ఫ్లాట్‌లో ఒంటరిగా పడుకోకండి, గోడౌన్‌కు వెళ్లిపోండి. బూట్లు, కోటు హైదరాబాద్‌లో కొనకండి, అక్కడి సెకండ్‌హ్యాండ్ షాపుల్లో చవగ్గా మంచివి దొరుకుతాయి. ఐస్ మీద చిన్న చిన్న అడుగులు వేయండి. టోపీ లేకుండా బయటికి వెళ్తే దారిన పోయే ముసలమ్మలు ఆపి తిడతారు, చల్లని అరుగు మీద కూర్చున్నా తిడతారు. ఫ్యాన్ గాలికి పెరిగినవాళ్లం మనం, వాళ్లకేమో రెండు కిటికీలు ఎదురెదురుగా తెరిస్తే జబ్బు ఖాయం. ఈ వాదనలో మీరు గెలవలేరు, కిటికీ మూసేయండి.

ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి, చలికాలంలో ఇండియా కంటే కిషినావ్ మూడున్నర గంటలు వెనక, వేసవిలో రెండున్నర. చలికాలంలో మీకు సాయంత్రం ఏడైతే అమ్మకు రాత్రి పదిన్నర. వారానికి ఒక రోజు పెట్టుకోండి, రోజూ మాట్లాడితే మనసు అక్కడ నిలవదు. ఖర్చు సంగతికొస్తే, అక్కడి డబ్బు లేయు, ఒక్కోటి సుమారు ఐదు రూపాయలు, 2025లో ట్రాలీబస్ టికెట్ ఆరు లేయులు ఉండేది.

ఇండియన్ అనగానే పెద్దవాళ్లు రాజ్ కపూర్, మిథున్ చక్రవర్తి పాటలు అందుకుంటారు. కుర్రాళ్లు మాత్రం "మీ దేశం రష్యా దగ్గర ఆయిల్ ఎందుకు కొంటోంది?" అని నిలదీస్తారు. మీరు విదేశాంగ శాఖ కాదు, సమర్థించకండి, మన దేశాన్ని తిట్టి మెప్పూ పొందకండి. "నాకు నచ్చని విషయాలు మా దేశంలోనూ ఉన్నాయి, నేను మీ కోసం వచ్చాను" అంటే చాలు. యుద్ధం మొదలైనప్పుడు మన మెడికల్ విద్యార్థులు, తెలుగువాళ్లతో సహా, కొందరు ఇదే కిషినావ్ మీదుగా రొమేనియాకు బయటపడ్డారు. ఆ మాట చెప్తే సంభాషణ వేరే దారి పడుతుంది. ఆ ఊళ్లో మెడికల్ యూనివర్సిటీలో ఇప్పటికీ ఇండియన్ విద్యార్థులున్నారు, అన్నం తినాలనిపిస్తే వాళ్లను వెతుక్కోండి.

చివరగా కాగితాలు. టూరిస్ట్ వీసా మీద సేవకు వెళ్లకండి, ఎవరు పర్వాలేదన్నా వద్దు. మిమ్మల్ని పిలుస్తున్న స్థానిక సంస్థ రిజిస్టర్ అయి ఉందో లేదో చూసి, వాళ్ల ద్వారానే నివాస అనుమతి తెప్పించుకోండి. పాస్‌పోర్ట్ సంస్థ బీరువాలో కాకుండా మీ దగ్గరే ఉండాలి. ట్రాన్స్‌నిస్ట్రియా అనే నది అవతలి ప్రాంతానికి స్నేహితులు సరదాగా రమ్మంటారు, అక్కడ మాల్డోవా ప్రభుత్వం మాట చెల్లదు, ఏదైనా జరిగితే మిమ్మల్ని బయటికి తేవడం కష్టం. తర్వాత రష్యాకు కూడా వెళ్లొచ్చా అని రాశారు. అక్కడ 2016 జూలైలో వచ్చిన చట్టంతో ప్రార్థనా స్థలాల బయట మత ప్రచారం మీద గట్టి ఆంక్షలున్నాయి, విదేశీయులకు జరిమానా వేసి దేశం నుంచి పంపేస్తారు. ఇప్పట్లో ఆ ఆలోచన పెట్టుకోకండి. బ్యాగులో కారప్పొడి, చింతపండు, ఇంగువ సీల్ చేసినవి పెట్టుకోండి, ఒక ప్యాకెట్ ఎక్కువే పెట్టుకోండి, పక్క ఫ్లాట్ వాళ్లు అడుగుతారు. టికెట్ బుక్ అయ్యాక ఏ వైపు ఫ్లాట్ ఇస్తున్నారో ఇక్కడే రాయండి, బొటానికా పేట అయితే దగ్గర్లో మంచి బజారు ఎక్కడుందో చెప్తాను.